పేరు ఖాళీ లేదు

బెల్లంవలస పురపాలక సంఘానికి ప్రభుత్వం పదకొండు తోకలు కేటాయించిన రోజున సీనియర్ అసిస్టెంట్ తవిటినాయుడు సెలవులో ఉన్నాడు. అందుకే అవి అతని బల్ల మీదికి చేరాయి. ఆఫీసులో ఉన్నవాళ్ళందరూ నాకొద్దంటే నాకొద్దనగలిగారు. సెలవులో ఉన్నవాడు అనలేకపోయాడు.

తోకలంటే జంతువులవి కావు. ఇంటర్నెట్లో వెబ్‌సైటు పేరు రాసి, చుక్క పెట్టి, చివర ఓ ముక్క తగిలిస్తారు చూడండి, ఆ ముక్క. పాత ముక్కలతో మంచి పేర్లన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయని బజార్లోకి కొత్త ముక్కలు వదిలారు. వాటిలో ప్రపంచంలో ఎవరూ ముట్టని వాటిని రాజధానిలో ఒక పెద్దమనసు అధికారి టోకున కొని ఊళ్ళకు పంచిపెట్టాడు. బెల్లంవలస వాటాకు చుక్క రొట్టె, చుక్క గొడుగు, చుక్క చీపురు, చుక్క ఆముదం వగైరా వచ్చాయి. మార్చి నెలాఖరులోగా ఈ తోకలతో నాలుగు వేల పేర్లు అమ్మాలి. కొన్నవాళ్ళు వాటిని మళ్ళీ ఎవరికైనా అమ్ముకోవచ్చు. అలా చేతులు మారిన ప్రతిసారీ సంఘానికి బదిలీ రుసుము వస్తుంది.

తోక అన్న మాట ప్రభుత్వ మర్యాదకు తగదని ఉత్తర్వుల్లో "పుచ్ఛము" అని రాశారు. ఆ విధంగా, ఇరవై ఆరేళ్ళుగా జనన మరణాల రిజిస్టరును ఒక్క కొట్టివేత లేకుండా రాస్తున్న తవిటినాయుడు ఒక సోమవారం పొద్దున అదనపు బాధ్యతలతో పుచ్ఛాధికారి అయ్యాడు. గుమ్మం పక్కన బోర్డు కూడా కొట్టారు. మేనల్లుడి పెళ్ళి శుభలేఖలో ఆ హోదా వేయించనని భార్య అతని చేత ఒట్టు వేయించుకుంది.

రెండు నెలల్లో ఏడు పేర్లు అమ్ముడయ్యాయి. అందులో ఒకటి, కొంటే గొడుగిస్తారనుకుని ఒక పెద్దాయన కొన్నది.

కమిషనర్ విరూపాక్షం పిలిపించాడు. ఆయన ఇంట్లో కాఫీ అడిగినా ఉత్తర్వు జారీ చేసినట్టే ఉంటుందని ఊళ్ళో చెప్పుకుంటారు.

"నాయుడుగారూ, పుచ్ఛ విక్రయ లక్ష్యసాధనయందు మన సంఘము రాష్ట్రములో ముప్పది తొమ్మిదవ స్థానమున నున్నది. సంఘములు ముప్పది తొమ్మిదియే యున్నవి. ఇట్టి పురోగతిని ఏమనవలెను?"

"జనం కొనట్లేదు సార్. ఆముదం అనగానే మూతి తిప్పుకుంటున్నారు."

"జనులు కొనకపోవుట జనుల లోపము. మీరు అమ్మకపోవుట మీ లోపము. జనులకు మెమో ఇచ్చు అధికారము నాకు లేదు. మీకిచ్చు అధికారము కలదు."

తవిటినాయుడు ఆ మెమో జేబులో పెట్టుకుని మర్నాడు పొద్దున యథాప్రకారం మెయిన్ రోడ్డు మలుపులో పైడమ్మ దగ్గరికి దిబ్బరొట్టె తినడానికి వెళ్ళాడు. మూకుడులో మినప్పిండి పోసి, మూత మీద నిప్పులేసి, అడుగున ఎర్రగా పెచ్చు కట్టేలా కాలుస్తుందామె. తల మీద "పైడమ్మ దిబ్బరొట్టె" అని నీలిరంగు రేకు బోర్డు ముప్పయ్యేళ్ళుగా ఉంది. అక్కను ఆ ప్రాంతంలో అప్ప అంటారు. అరవై దాటిన పైడమ్మను తవిటినాయుడు అలాగే పిలుస్తాడు.

"ఇంటర్నెట్లో నీ పేరు కొనుక్కుంటావా అప్పా? పైడమ్మ, చుక్క, రొట్టె. ఐదొందలే."

"నా పేరు నాకే అమ్ముతారేటి నాయుడుబాబూ?" పైడమ్మ పొయ్యి ఊదుతూ నవ్వింది. "మా యమ్మ ఊరికినే ఎట్టింది."

మాటలో న్యాయం ఉందనిపించి తవిటినాయుడు రిజిస్టరులో "ఆసక్తి లేదు" అని రాసుకున్నాడు.

*

ఊరి రాత గేదెల రాంబాబు మార్చాడు. పాత బస్టాండు దగ్గర ప్లాట్లు అమ్ముతాడతను. వానాకాలంలో తన ప్లాట్లు చెరువులో కలిసిపోవడంతో బేరాల్లేక, ఐదొందలు పారేసి "వాన చుక్క గొడుగు" అనే పేరు కొన్నాడు. వారం తిరక్కుండా విశాఖపట్నంలో ఒక గొడుగుల కంపెనీ వాళ్ళు దాన్ని రెండు లక్షలకు తీసుకున్నారు. జిల్లా పేపర్లో రాంబాబు ఫోటో పడింది. మర్నాడు పుచ్ఛాధికారి గుమ్మం ముందు క్యూ కూరగాయల మార్కెట్టు దాకా పోయింది.

తర్వాత ఊరికి ఒళ్ళు తెలియలేదు. రాంబాబు వ్యాన్లు పెట్టి, మధ్యాహ్నం పలావు పెట్టి, పక్క ఊళ్ళ నుంచి జనాన్ని పేర్లు చూపించడానికి తీసుకొచ్చాడు. షామియానా కింద లాప్‌టాప్ ఉండేది. జనం చెప్పులు విప్పి లోపలికెళ్ళి, తెర మీద పేరు చూసి, నచ్చితే కొబ్బరికాయ కొట్టి బయటికి వచ్చేవారు. ఒకాయన తవిటినాయుడికి ఫోను చేసి, తాను కొంటున్న పేరు ఏ ముఖమో చెప్పమన్నాడు. తవిటినాయుడు అబద్ధం చెప్పే మనిషి కాదు. పటంలో తూర్పు కుడివైపు ఉంటుంది. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. "తూర్పేనండి" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి: "అన్నీ తూర్పు ముఖం పేర్లే! పుచ్ఛాధికారి గారి ధ్రువీకరణతో!"

పేర్లకు గిరాకీ వచ్చాక పన్ను రాకుండా ఉంటుందా? కమిషనర్ ఒక పలక తెప్పించి దాని మీద సుద్దముక్కతో "లక్ష్మి" అని రాశాడు.

"అక్షరమునకు పైభాగమున నిర్మింపబడినది పై అంతస్తు. గుడి, గుడిదీర్ఘము, ఏత్వము మొదలగునవి దీని క్రిందకు వచ్చును. అడుగుభాగమున నిర్మింపబడిన ఒత్తు సెల్లారు. పరిశీలింపుడు. ఈ లక్ష్మికి రెండు సెల్లార్లును ఒక పై అంతస్తును కలవు. ప్లాను ఎక్కడ?"

"మరి సున్నా సార్?" అన్నాడు తవిటినాయుడు, అడక్కుండా ఉండలేక.

కమిషనర్ పలక మీద ఒక సున్నా చుట్టాడు. "అందు నిర్మాణమేదియు లేదు. ఖాళీ స్థలము పన్ను విధింపుడు."

నెల తిరిగేసరికి ఊళ్ళో ఒత్తులు పలచబడ్డాయి. లక్ష్మీ వస్త్రాలయం వారు పన్ను భరించలేక "లచిమి" దగ్గర ఆగారు. దీర్ఘాలు కట్టేసుకుని అనుమతి తీసుకోని వారికి క్రమబద్ధీకరణ పథకం పెట్టారు. సంఘం ముప్పది తొమ్మిదో స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎగబాకింది. తవిటినాయుడికి శాలువా కప్పారు. ఆ ఒక్కరోజూ భార్య పుచ్ఛాధికారి అన్న మాటకు ముఖం చిట్లించలేదు.

*

అప్పుడు రాంబాబూ, అతన్ని చూసి పేర్ల వ్యాపారంలోకి దిగిన బ్రోకర్లూ కలిసి వినతిపత్రం ఇచ్చారు. లక్షలు పోసి పేరు కొన్నది మేము, అదే పేరుతో బోర్డు పెట్టుకుని వ్యాపారం చేసేది ఇంకొకడు, ఇదెక్కడి న్యాయమని. కమిషనర్‌కు అది సబబుగా తోచింది. వారంలో ఏడో నిబంధన వచ్చింది: చుక్కకు ముందున్న పేరు ఎవరు కొనుక్కుంటే, సంఘం హద్దుల్లో బోర్డుల మీదా కాగితాల మీదా ఆ పేరు వారిదే. ఇతరులు మూడు దినములలో ఖాళీ చేయవలెను.

మొదటి నోటీసు పైడమ్మకే పడింది. "పైడమ్మ చుక్క రొట్టె" రాంబాబు కొన్నాడు. నోటీసు అందజేయాల్సింది తవిటినాయుడు. ఆమెకు చదువు రాదు కనుక చదివి వినిపించాల్సిందీ అతనే.

"పైడమ్మ యను నామము శ్రీ గేదెల రాంబాబు గారి స్వాధీనమందుండగా, మీరు సదరు నామమును అక్రమముగా ఆక్రమించి నివసించుచున్నారు..." అక్కడికి కాగితం మడిచేశాడు.

"ఆక్రమించీసినానా? పుట్టినకాణ్ణించి ఇందులోనే ఉన్నాను బాబూ, ఎక్కడికెల్లమంటారు?"

"ఎప్పట్నుంచి ఉన్నావో రుజువుంటే అపీలు చేసుకోవచ్చప్పా."

"పుట్టిన కాయితాలు మీరే ఇత్తారు గదా. నాకోటి ఇచ్చీండి."

తవిటినాయుడికి ప్రాణం లేచొచ్చింది. ఆఫీసుకు పరుగెత్తి, ఆలస్యపు జనన నమోదు ఫారం తెరిచి, "పైడమ్మ" అని కొట్టాడు. తెర మీద ఎర్రగా పడింది: పేరు ఖాళీ లేదు.

సాయంత్రం రాంబాబే పెద్దమనిషి తరహాలో పైడమ్మ కొట్టుకు వచ్చాడు. "పిన్నీ, నీ మీద నాకేం కోపం లేదు. నీ పేరుకి డిమాండుంది. బయటోళ్ళకైతే నెలకి మూడు వేలు. సొంత పేరు కదా అని నీకు రెండు వేలకే అద్దెకిస్తాను."

"నా పేరు నీకెవులిచ్చినారో ఆలనే అడుగు అద్దె" అని పైడమ్మ మూకుడు మూత చప్పుడయ్యేలా వేసింది.

మూడో రోజు, బోర్డులు దించడానికి సంఘం పెట్టిన నిచ్చెన దళం వచ్చి నీలిరంగు బోర్డు ఊడదీసింది. బస్సు దిగే పొరుగూరి జనం బోర్డు చూసి వచ్చేవాళ్ళు; ఇప్పుడు ఎక్కడో తెలియక వెనక్కిపోయారు. పొద్దు తిరిగినా పిండి సగం గిన్నె అలాగే ఉండిపోయింది. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి పైడమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం తవిటినాయుడు చూశాడు. ఆ రోజు రొట్టె తినబుద్ధి కాలేదు.

ఆఫీసులో అంతకన్నా ఘోరంగా ఉంది. బ్రోకర్లు మంచి పేర్లన్నీ అకారం నుంచి హకారం దాకా గంపగుత్తగా కొనేశారు. ఆసుపత్రి నుంచి తల్లులు గుడ్డల్లో పసికందుల్ని చుట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడి ఒక్కో పేరే చెప్పేవారు.

"ఉదయశ్రీ?"

"ఖాళీ లేదమ్మా."

"సింహాచలం?"

"రాంబాబు దగ్గరుంది. లక్షా పాతిక చెబుతున్నాడు."

ఒక తాత బేరానికి దిగాడు. "పోనీ ఆడపిల్ల పేరోటి సవగ్గా ఉంటే మా మనవడికెట్టీండి బాబూ. పెద్దోడయినాక మార్సుకుంటాడు."

అరవై ముగ్గురు పిల్లలు పేరు లేకుండా ఆగిపోయారు. వచ్చిన ప్రతిసారీ వాళ్ళ కాగితం మీద ఒక ముద్ర కొట్టి మళ్ళీ రమ్మనేవాడు. తవిటినాయుడు రిజిస్టరులో అరవై మూడు ఖాళీ గడుల వంక చూసుకునేవాడు. మనిషి లోకంలోకి వచ్చాక మొదటి గీత తాను గీస్తాడని అతనికి లోలోపల చిన్న గర్వం ఉండేది. ఆ గర్వం శాలువాతో సహా పెట్టెలోకి పోయింది.

*

మార్చి ముప్పై ఒకటో తేదీ పొద్దుటికి మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది పేర్లు అమ్ముడయ్యాయి. మిగతా తోకల కోటా అయిపోయింది; మిగిలిన ఒక్క పేరూ చుక్క ఆముదం తోకలోది. దాన్ని బ్రోకర్లు కూడా ముట్టుకోవడం లేదు. ఆముదం మొహం చూస్తే మిగతా బేరాలు చెడతాయట. "సాయంత్రము లోగా లక్ష్యము సంపూర్ణము కానియెడల మీ పింఛను కాగితములయందు ఈ విషయము ప్రస్తావింపబడును" అన్నాడు కమిషనర్.

తవిటినాయుడు పైడమ్మ కొట్టుకు వెళ్ళి బల్ల మీద కూలబడ్డాడు. సంగతి విని ఆమె అడిగింది: "ఆ ఆముదానికి ముందర ఏ పేరెట్టినా పర్లేదేటి?"

"ఎవరూ కొనని పేరు ఏదైనా సరే."

"అయితే మీ ఆపీసు పేరు ఎవులయినా కొన్నారా?"

తవిటినాయుడు అమ్మిన పేర్లన్నీ మనసులో తిరగేశాడు. ఊళ్ళో పేర్లన్నీ అమ్మిన సంఘం తన పేరు కొనుక్కోలేదు. ఆ ఆలోచన కమిషనర్‌కు రాలేదు. బ్రోకర్లకు రాలేదు. తనకూ రాలేదు.

పైడమ్మ కొంగుముడి విప్పి ఐదొందల కాగితం తీసింది. "రాసీండి, నా పేరన."

"అప్పా, నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది."

"మీరు అమ్మేటోరు, నాను కొనేదాన్ని. ఇందులో తప్పేటున్నాది?"

దరఖాస్తులో దరఖాస్తుదారు పేరు రాసే చోట, పేరు లేదు కనుక, "మలుపులో రొట్టెలు కాల్చు స్త్రీ" అని రాసి వేలిముద్ర వేయించాడు. తప్పు దొరుకుతుందేమోనని మూడుసార్లు చదివాడు. ఎంత వెతికినా దొరకలేదు. సక్రమమైన దరఖాస్తును తిరస్కరించే అధికారం పుచ్ఛాధికారికి లేదు. ఆఫీసుకు వెళ్ళి మీట నొక్కాడు. "బెల్లంవలస పురపాలక సంఘం చుక్క ఆముదం" పచ్చగా మెరిసింది. లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తయింది.

మర్నాడు పొద్దున నోటీసు పట్టుకుని కమిషనర్ గదిలోకి వెళ్ళాడు.

"ఏమిటిది?"

"ఏడో నిబంధన కింద సార్. 'బెల్లంవలస పురపాలక సంఘము' అను నామమును తాము అక్రమముగా ఆక్రమించి యున్నారు. మూడు దినములలో ఖాళీ చేయవలెను."

కమిషనర్ ముఖం గుమ్మడిపండు రంగుకు తిరిగింది. "ఇది చెల్లదు!"

"చెల్లదని రాసి సంతకం పెట్టండి సార్, ఫైల్లో పెట్టుకుంటాను."

కమిషనర్ కలం తీశాడు. కాగితం తల మీద సంఘం పేరు అచ్చయి ఉంది. పక్కన పెట్టాడు. తెల్లకాగితం తీసుకుని రాసి, ముద్ర అందుకున్నాడు. ముద్ర చుట్టూ అదే పేరు. హోదా రాయబోయాడు. కమిషనర్, ఏ సంఘానికి? కలం గాల్లో ఆగిపోయింది.

మూడు దినాలు గడిచాయి. నిచ్చెన దళానికి అప్పటికి అలవాటైపోయింది. ఆదేశం ఎవరి మీదని చూసుకోలేదు. ఆఫీసు బోర్డు దించారు. చెత్తబళ్ళ మీద, నీళ్ళ ట్యాంకర్ల మీద, పార్కులో బల్లల మీద పేరు గీకేశారు. శ్మశానం గేటు మీది పేరు కూడా వదల్లేదు. జిల్లాలో ఇంత చురుగ్గా జరిగిన ఆక్రమణల తొలగింపు ఇంకోటి లేదని తర్వాత రికార్డుల్లో రాశారు. ఇంటిపన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు "ఎవరికి కట్టాలండీ?" అని సంతోషంగా అడిగి, సమాధానం లేకపోవడంతో మరింత సంతోషంగా ఇళ్ళకు పోయారు. రాజధాని నుంచి ఫోను వచ్చింది. అటెండరు ఎత్తి, "ఇక్కడ ఆ పేరుతో ఎవరూ లేరండి" అని పెట్టేశాడు.

నాలుగో రోజు పదకొండు గంటలకు కమిషనర్ విరూపాక్షం పైడమ్మ కొట్టు ముందు నిలబడ్డాడు. వెనకాల ఫైలుతో తవిటినాయుడు, అతని వెనకాల సగం ఊరు.

"సదరు నామమును సంఘమునకు అద్దె ప్రాతిపదికన..."

"అద్దెకియ్యను" అంది పైడమ్మ. "నా పేరు నాకియ్యండి. అందరి పేర్లూ ఆలాలకిచ్చీండి. ఆ సంటిపిల్లలకి పేర్లెట్టనియ్యండి. మీ పేరు మీరు అట్టుకుపోండి."

"అట్లు చేయుటకు నాకు అధికారము లేదు. నిబంధన రద్దుకు పాలకవర్గము తీర్మానింపవలెను. తీర్మానము మీద సంఘము పేరు ఉండవలెను. ముద్ర ఉండవలెను. పేరేమో..." కమిషనర్ గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా పలికింది. "పేరు నీ దగ్గరుందమ్మా."

పైడమ్మ మూకుడు దించి చేతులు తుడుచుకుంది. "అయితే అరగంట వోడుకోండి. నానూ వొత్తాను. అరగంటయితే ఎనక్కి తీసీసుకుంటాను."

అలా బెల్లంవలస పురపాలక సంఘం తన పేరును అరగంట చేబదులు తీసుకుని అత్యవసర సమావేశం జరిపింది. పైడమ్మ ముందు వరసలో గోడగడియారానికి ఎదురుగా కూర్చుంది. ఒక కౌన్సిలరు లేచి తన వార్డులో మురుగుకాలవ గురించి మొదలుపెట్టాడు.

"పద్దినిమిది నిమిసాలయిపోనాయి" అంది పైడమ్మ.

ఆయన కూర్చున్నాడు. రాంబాబు తలుపు దగ్గర నిలబడి, ఆరు వందల పేర్ల మీద పెట్టిన సొమ్ము ఏమైపోవాలని అరిచాడు. "పేర్లు నీకే ఉంటాయి రాంబాబూ" అన్నాడు తవిటినాయుడు. "చుక్కతో సహా ఉంటాయి. మనుషులే ఉండరు." తీర్మానం అతనే రాశాడు. చుక్కకు ముందున్న పేరుకును, చుక్కతో నిమిత్తము లేని మనిషికిని ఎట్టి సంబంధమును లేదు. ఇరవై తొమ్మిదో నిమిషంలో ముద్ర పడింది.

మధ్యాహ్నానికి పేర్ల బజారు కుప్పకూలింది. లక్షా పాతిక పలికిన సింహాచలాన్ని రాంబాబు యాభైకి ఇస్తానన్నా అడిగేవాడు లేడు. సాయంత్రం షామియానా విప్పించి మళ్ళీ చెరువులో ప్లాట్ల వైపు వెళ్ళాడు. ఎండాకాలం కాబట్టి అవి పైకి తేలి ఉన్నాయి. పైడమ్మ బోర్డును నిచ్చెన దళమే తెచ్చి కట్టి, కూర్చుని తలో రొట్టె తిని పోయింది. సంఘం పేరు అమ్ముకున్నందుకు సంజాయిషీ కోరుతూ ఒకటీ, నూరు శాతం లక్ష్యం సాధించినందుకు అభినందిస్తూ ఒకటీ, తవిటినాయుడికి రాజధాని నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. ఎంత ఆలోచించినా ఏది ముందు ఫైలు చేయాలో తెలియక, రెండింటినీ ఒకే గుండుసూదితో గుచ్చాడు.

మర్నాడు అరవై ముగ్గురు తల్లులూ వచ్చారు. ఆఫీసు వరండా ఏడుపులతోనూ పాలవాసనతోనూ నిండిపోయింది. తవిటినాయుడు కొత్త కలం తీసుకుని పొద్దుటి నుంచి వంచిన తల ఎత్తకుండా రాశాడు. ఉదయశ్రీలు ముగ్గురు, సింహాచలాలు ఐదుగురు. ఎవరెంత పొడుగు పేరు చెప్పినా వద్దనలేదు. ఇద్దరు ఆడపిల్లలకు పైడమ్మ అని పెట్టారు.

చివర్లో ఒక తల్లి చంకలో నాలుగు నెలల పిల్లాడితో బల్ల ముందుకొచ్చి సిగ్గుపడుతూ నిలబడింది.

"ఏం పేరమ్మా? ఇప్పుడన్నీ ఖాళీయే. మంచిది చూసుకుని చెప్పు."

"మరేటంటే బాబూ... ఎన్నిసార్లు ఒచ్చినా తమరు ఈడి కాయితం మీద ఒకటే ముద్ర కొట్టి పంపినారు గదా. ఇంట్లో అందరికీ అదే అలవాటయిపోనాది. అలగంటేనే ఇటు తిరుగుతున్నాడు. ఏరే పేరుకి పలకట్లేదు."

తవిటినాయుడు కలం పట్టుకుని పిల్లాడి వంక చూశాడు. మెల్లగా పిలిచాడు.

"పెండింగూ!"

పిల్లాడు తల తిప్పి, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వాడు. తవిటినాయుడు నవ్వాపుకుంటూ గడిలో గుండ్రటి అక్షరాలతో ఆ పేరు రాశాడు.